మూడక్షరాల పాత పేరు

నాకు కోపం ఎక్కువ. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఇంట్లోవాళ్లు, కాలేజీలోవాళ్లు, కోరుట్ల నుంచి జగిత్యాల పోయే పొద్దుటి బస్సు కండక్టరు, అందరూ ఒప్పుకునే సంగతి. ఇన్నాళ్లూ ఆ కోపం వల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఈ ఏడాది దానివల్ల ఇంకొకరికి రావాల్సిన ఉద్యోగం పోయింది. ఎలా పోయిందో రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది, కాకపోతే ఎవరి మీద మండాలో ఈసారి కాస్త తెలిసింది.

ఇల్లు కోరుట్లలో, ఉద్యోగం జగిత్యాలలో. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అది కాక ఆరేళ్లుగా ఎవరూ అడగని పని ఒకటి నెత్తికెత్తుకున్నాను. ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు కలిసి తయారుచేశారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆ భాషలో రాసిన ప్రోగ్రాంను సరిచూడాలన్నా నడపాలన్నా బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర తెరిచి, ముందు ఒక పేరు కొట్టి, దాని పక్కన ఏం కావాలో కొట్టాలి. ఆ పేరు లేకుండా ఏదీ కదలదు. మూడే అక్షరాలు. మా పిల్లలు కీబోర్డు చూడకుండా కొట్టేవాళ్లు. ఆ పరికరాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని తెలుగులో రాసింది నేనే.

అదీ కోపంతోనే మొదలైంది. పెగడపల్లి నుంచి వచ్చే ఒకమ్మాయి ఇంగ్లీషు పేజీ మొత్తం కంఠతా పట్టి, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. సరే, ఇప్పుడు నడిపించు అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలివైన పిల్ల. ఆ పేజీ రాసినవాళ్ల మీద, ఆ పేజీని అట్లాగే బోర్డు మీద ఎక్కించిన నా మీద కూడా కోపం వచ్చి, ఆ వారమే తెలుగులో రాయడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూంలో ఒకాయన, "తెలుగుల కంప్యూటరా మేడం? రేపు ఇంజక్షన్లు గుడ తెలుగుల ఇస్తరా?" అని నవ్వాడు. ఆయనతో నేను ఇప్పటికీ టీ తాగను.

పుస్తకం ఇంటర్నెట్‌లో ఉంటుంది. కానీ మా దగ్గర ఇంటర్నెట్‌లో చదువుకోండి అంటే సరే మేడం అని తలూపి, పోయి జిరాక్స్ తీయించుకుంటారు. కోరుట్లలో ఒక భాయ్ దుకాణంలో దీని మాస్టర్ కాపీ ఉంటుంది. ఎవరు అడిగినా తీసి, స్పైరల్ కట్టి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి ఇస్తాడు. తరచూ వాడే పేజీలకు లామినేషన్ చేయించుకున్న వాళ్లూ ఉన్నారు. తెర మీద మాట రేపు ఉంటుందో లేదో, కాగితం మీద మాట మాత్రం ఎక్కడికీ పోదని మావాళ్ల నమ్మకం. మొదట్లో విసుక్కునేదాన్ని, తర్వాత నాకూ అదే అలవాటైంది.

ఒక సోమవారం పొద్దున ల్యాబ్‌లో భాష కొత్త వెర్షన్ వేసి, అలవాటుగా మూడక్షరాలు కొట్టాను. కమాండ్ దొరకలేదు అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. వెనక ముప్పై మంది పిల్లలు చూస్తున్నారు. పొరపాటు నాదే అనుకుని పావుగంట సేపు ఏవేవో విప్పి చూశాను. పొరపాటు కాదు. పేరు మార్చేశారు. మూడక్షరాల చోట ఎనిమిది అక్షరాల పేరు వచ్చి కూర్చుంది.

కారణాలు చదివాను. అదే పేరుతో ఇంకో చోట ఇంకో పరికరం ఉందట, రెండూ కలగాపులగం అవుతున్నాయట. సరే, ఒప్పుకుందాం. రెండో కారణం దగ్గర నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాత పేరు పాతకాలం పేరులా ఉందట. వారం రోజులు ఓటింగ్ పెట్టారట. ఆ వారం నేను జగిత్యాలలో పరీక్ష హాల్లో పిల్లల చిట్టీలు పట్టుకుంటూ తిరుగుతున్నాను. పాత పేరు కొట్టినా కొన్నాళ్లపాటు పనిచేసేలా ఉంచొచ్చు, అదేం పెద్ద పని కాదు, నాలుగు లైన్ల పని. ఉంచలేదు. అంతా శుభ్రంగా ఉండాలట.

శుభ్రం! నూట అరవై పేజీల పుస్తకంలో ఆ పేరు లేని పేజీ లేదు. ఒక్కో ఉదాహరణ పిల్లల ముందు పెట్టి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి, మార్చి మార్చి రాశాను. ఇవన్నీ చెప్పి వాళ్లకు ఉత్తరం రాశాను. కోపం కనిపించకుండా రాయాలని నాలుగుసార్లు తిరగరాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. నా ఉత్సాహానికి కృతజ్ఞతలట. మారింది పేరు ఒక్కటేనట. చివర ఒక పసుపుపచ్చ నవ్వు మొహం. ఆ నవ్వు మొహాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. మనిషి ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని. మొహం కూడా తెలియని వాళ్లను ఏమని తిట్టేది?

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చుని పాత పేరు ఉన్న చోటల్లా కొత్త పేరు పెట్టమని కంప్యూటర్‌కు ఒక్క దెబ్బలో చెప్పాను. కోపంలో ఒకటి మరిచాను. ఆ మూడక్షరాలు వేరే ఇంగ్లీషు మాటల మధ్యలో కూడా ఉంటాయి. వాటి కడుపులోకి కూడా కొత్త పేరు దూరింది. పుస్తకం నిండా నోరు తిరగని మాటలు తేలాయి. ఒక్కొక్కటి ఏరి చేత్తో సరిచేయడానికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. ప్రతి దిద్దుబాటుకూ వాళ్లను ఒకసారి తిట్టుకున్నాను.

అన్నీ అయ్యాక ఒక లైను మిగిలింది. వాళ్ల ఇంగ్లీషు పేజీలో ఉంది అది. దీని పాత పేరు ఫలానా, మీ కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఉంటే ఆ పేరే కొట్టండి అని. దాన్ని తెలుగులో రాశాను. చదివాను. ఆ మూడక్షరాలు కనబడగానే మళ్లీ కడుపు రగిలింది. "చంపింది వాళ్లు, దినం నేను పెట్టాల్నా?" అని పైకే అనేశాను. పక్కన పేపర్లు దిద్దుకుంటున్న ఇంజక్షన్ల ఆయన తలెత్తి చూశాడు. నేను ఆ లైను తీసేశాను. నా పుస్తకంలో ఆ పేరు ఇక ఎక్కడా ఉండకూడదని పట్టుబట్టి, వెతికి వెతికి తుడిచాను.

కొత్త మాస్టర్ కాపీ భాయ్ దగ్గరికి తీసుకెళ్లి, పాతది చించేయమన్నాను.

"చించుడెందుకు మేడం? ఓ మూలకు ఉంటది."

"అద్దు భాయ్. గది ఇగ పనికిరాదు."

"గట్లెట్ల? నా దుకాణం బస్టాండ్ కాడికెళ్లి గీ గల్లీలకు అచ్చి మూడేండ్లాయె. బోర్డు మీద ఇంకా పాత జాగ రాసే ఉంచిన. లేకుంటె పాత గిరాకి నన్నెట్ల పట్టుకుంటది?"

"నీ దుకాణం వేరు, ఇది వేరు," అన్నాను. ఆయన పాత కాపీని చించలేదు, పై అరలో కాగితం కట్టల వెనక పెట్టాడు. నేను చూసీ చూడనట్టు వచ్చేశాను.

నెల తిరగకముందే సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మాట కన్నా ముందు వెనక నుంచి సాంచాల చప్పుడు వినిపించింది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఫోన్ చేసినామెకు ఇరవై ఎనిమిదేళ్లు. డిగ్రీ పాసై, ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే కండెలు చుడుతోంది. సాంచలో అడ్డంగా ఉరికే నూలును చిన్న కడ్డీలకు చుట్టే పని అది. జగిత్యాలలో ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి ఉంది. అక్కడ పాఠం చెప్పడానికి ఒక మనిషి కావాలని నోటీసు పడింది. అక్కడ నేర్పేది ఈ భాషే.

"మీ తెలుగు పేజీలు ఫోన్ల జూసిన మేడం. నాకు అర్థమైతున్నయి," అంది. "ఎనిమిదేండ్లాయె కండెలు చుట్టవట్టి. రోజంత దూదే మింగుతున్న. ఇగ నాతోని కాదు. గీ పని అచ్చిందంటే నేను బయటవడ్త."

పరీక్షకు రెండున్నర నెలలుంది. ఆదివారాలు ఫోన్లో చెప్పాను. ఒకసారి కోరుట్ల వచ్చింది, భాయ్ దుకాణానికి నేనే తీసుకెళ్లాను. కొత్త పుస్తకం, లోపల ఇంకు వాసన. ఎవరో అమ్ముకున్న ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి, దానిలో కొత్త వెర్షన్ వేసుకుని నేర్చుకుంది. ఆమె మొదట నేర్చుకున్న పేరే ఎనిమిదక్షరాలది. దానికి ముందు ఇంకో పేరు ఉండేదని ఆమెకు తెలియదు. తెలిసే దారి ఒక్కటే ఉండేది, దాన్ని నేను తుడిచేశాను.

ఎంత బాగా నేర్చుకుందో చెప్పాలి. వాళ్ల నాన్న సాంచాలకు కొత్త నూలు పోగులు అతికే వైపని చేస్తాడు. చారల చీర వేయాలంటే ఏ రంగు పోగులు ఎన్ని, ఏ వరసలో రావాలో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టేవాడట. చీర వెడల్పు, చారల కొలత ఇస్తే పోగుల వరస చెప్పే ప్రోగ్రాం రాసింది ఆమె. నేను చెప్పలేదు, నా పుస్తకంలో లేదు, సొంతంగా రాసింది. మా కాలేజీలో మూడేళ్లు చదివిన వాళ్లు కూడా అట్లాంటిది రాయలేదు. ఆ పని ఆమెకు రాకపోతే ఇంకెవరికి వస్తుందని అనుకున్నాను. మా ఇంట్లో కూడా అన్నాను.

పరీక్ష జగిత్యాలలోనే కాబట్టి, అయ్యాక కాలేజీకి వచ్చి పొమ్మన్నాను. మూడింటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఉన్న స్పైరల్ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టింది.

"మీరు రాసిన పేరు ఆడ లేనే లేదు మేడం."

"ఏ పేరు?"

"ఎనిమిదక్షరాలది. ఇరవై సార్లు కొట్టిన. దొరకలేదు, దొరకలేదు అని ఒకటే అచ్చె. ప్రోగ్రాం సక్కగ రాసిన. నడిపిచ్చి సూపెట్టుమన్నరు. నడువది."

"వాళ్ల కంప్యూటర్ల ఆ భాష వెయ్యలేదేమో," అన్నాను.

"ఏసే ఉంది. పక్క సీటామె నడిపిచ్చింది. ఏందో మూడక్షరాలు కొట్టింది, నడిచింది. నేను ఆమె తెర దిక్కు సూస్తె కాపీ కొడుతున్న అంటరని తల దించుకున్న. గంట సేపు గట్లనే కూసున్న మేడం. నా ప్రోగ్రాం నా ముంగటనే ఉంది."

ఆమె ఆపలేదు.

"బయటికచ్చినంక ఆమెను అడిగిన. నువ్వేం పుస్తకం సదివినవ్ అని. తీసి సూపెట్టింది. మీదే. పాతది. రెండిటి మీద మీ పేరే ఉంది."

అప్పుడు నాకు తెలిసిన పని ఒక్కటే చేశాను. కోప్పడ్డాను. ఆ భాష చేసినవాళ్లను తిట్టాను, ఓటింగును తిట్టాను, పసుపుపచ్చ నవ్వు మొహం దాకా అన్నీ చెప్పాను. పేరు మార్చింది వాళ్లు, నేనేం చేస్తానన్నాను. ఆమె అంతా విని, నిదానంగా అడిగింది.

"ఇంగ్లీషు పేజీల పాత పేరు గురించి ఒక లైను ఉందట. ఆమె ఫోన్ల సూపెట్టింది. మీ పుస్తకంల ఎందుకు లేదు మేడం?"

స్టాఫ్ రూంలో ఇంజక్షన్ల ఆయన ఉన్నాడు. ఆయనకు తెలుసు. ఆ రోజు నేను అన్న మాట ఆయన చెవిన పడింది. ఆయన పేపర్ల మీద నుంచి తల ఎత్తలేదు.

"మర్చిపోయిన," అన్నాను.

అబద్ధం. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తప్పు చేస్తే ఒప్పుకోండని చెబుతున్న నోటితో ఆడిన అబద్ధం. ఆమె నమ్మింది. అదే ఇంకా కష్టంగా ఉంది. "మనిషన్నంక మర్చిపోతరు గద," అని, పుస్తకం తీసుకుని బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లగానే శిక్షణ కేంద్రానికి ఫోన్ చేశాను. గట్టిగా అడగాలనుకున్నాను. పాత వెర్షన్ పెట్టుకుని పరీక్ష ఎట్లా పెడతారని, కంప్యూటర్లు చూసుకునే దిక్కు లేదా అని. అక్కడి ఇన్‌ఛార్జి మేడం నా గొంతు గుర్తుపట్టింది.

"గా కంప్యూటర్లల్ల మీరే గద మేడం ఏసిచ్చిండ్రు. పెన్ డ్రైవ్ పట్టుకొని అచ్చిండ్రు, యాదికి లేదా? మాకాడ నెట్ లేదు. అప్పటి సంది ఎవ్వలు ముట్టలె. మంచిగనే నడుస్తున్నయి."

గుర్తొచ్చింది. పుస్తకం కొత్తగా రాసిన రోజులవి. పన్నెండు కంప్యూటర్లు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదాని ముందు వంగి వేశాను. మధ్యలో వాళ్లు నాకు చాయ్ కూడా ఇచ్చారు. రెండున్నర నెలలు ఆ కేంద్రం పేరు చెప్పుకుంటూ ఆమెకు పాఠం చెప్పాను, ఒక్కసారి కూడా ఇది తట్టలేదు. ఆ పేరు మరిచిపోవాలని పట్టుబట్టాను, మరిచిపోయాను. దాంతోపాటు ఆ పన్నెండు కంప్యూటర్లను కూడా మరిచిపోయాను.

తప్పు నాది, ఆమెకు ఇంకో అవకాశం ఇవ్వండని అడిగాను. బతిమిలాడాను. నాకు బతిమిలాడటం చేతకాదు, అయినా చేశాను. ఒక్కటే జాగ మేడం, పక్క సీటామెను తీసుకున్నం, ఆమె కూడా మంచిగనే చేసిందంది. నిజమే కావచ్చు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె చదివింది కూడా నా పుస్తకమే.

ఆదివారం దాకా ఆగాను. ఆ మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మర్చిపోయినన్న మాట అన్నం దగ్గర, బస్సులో, బోర్డు ముందు అడ్డం వస్తూనే ఉంది. ఆదివారం పొద్దున కోరుట్లలో బస్సెక్కి, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. ఒక్కటీ కుదరలేదు.

వాళ్ల ఇంటి ముందు గదిలో రెండు సాంచాలున్నాయి. ఒకటి నడుస్తోంది, రెండోది ఆగి ఉంది. ఆగినదాని దగ్గర వాళ్ల నాన్న చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా కొత్త నూలు చుట్టిన, పెద్ద దుంగలాంటి భీము. సాంచలో పాత నూలు అయిపోయింది, కాని దాని పోగుల చివరలు సాంచలోని సన్నని సందుల్లోంచి మూరెడు పొడవున ఇవతలికి వేలాడుతున్నాయి. ఆయన ఒక పాత కొస, ఒక కొత్త కొస పట్టుకుని, బొటనవేలితో ఒక్క మెలిక తిప్పి అతికి వదులుతున్నాడు. మళ్లీ ఇంకో జత. ఆయన వేళ్లు చూస్తుంటే ఎప్పుడు అతికాడో కనిపించడం లేదు. దీన్నే వైపని అంటారు.

"కూసో మేడం. బిడ్డ లోపల కండెలు చుడుతాంది, పిలుస్త," అన్నాడు.

ఏం మాట్లాడాలో తెలియక, "గీ పాత ముక్కలు కోసేసి కొత్తవే ఎక్కియ్యరాదా అన్న?" అని అడిగాను. బుద్ధి తక్కువ ప్రశ్న అని అడిగాకే తెలిసింది.

ఆయన నవ్వాడు. "కోసేస్తె కొత్తవి దేన్ని పట్టుకొని లోపలికి పోతయి మేడం? గీ పాత కొసలు గుంజుకపోతెనే గవి సందులల్లకెళ్లి పోయేది. కోపానికచ్చి ఎవడన్న కోసిండనుకో, ఒక్కొక్క పోగు మల్ల సందుల ఎక్కియ్యాలె. రెండ్రోజులు సాంచ పండుకుంటది."

కోపానికచ్చి అన్న మాట ఆయన ఊరికే అన్నాడు. ఆయనకు నా సంగతి తెలియదు. నేను తల తిప్పుకున్నాను.

ఆమె లోపలి నుంచి వచ్చింది. జుట్టు మీద, కనుబొమ్మల మీద తెల్లగా దూది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, నీళ్లు తెచ్చింది. నేను నీళ్లు తాగకముందే చెప్పేశాను.

"మొన్న నీకు అబద్ధం చెప్పిన. గా లైను మర్చిపోలేదు. రాసి తీసేసిన. వాళ్ల మీద కోపంతోని తీసేసిన. పాత పేరు నా పుస్తకంల ఉండద్దనుకున్న. ఆ కేంద్రం కంప్యూటర్లల్ల పాతది ఏసింది గుడ నేనే, యాది రాలేదు. నీ పని నావల్లనే పోయింది."

వాళ్ల నాన్న చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యాయి. ఆమె తిట్టినా బాగుండు అనిపించింది. నేనైతే ఆ గ్లాసు విసిరేసేదాన్ని.

"మీ కోపం వాళ్లకు తెలిసిందా మేడం?" అని అడిగింది చివరికి.

"లేదు."

"నాకు తెలిసింది," అంది.

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. మొదటి పేజీ తీయబోతుందనుకున్నాను. నేను బస్సులో అనుకుంది కూడా అదే, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పాత పేరు వేయిస్తానని. ఆమె నేరుగా చివరి పేజీల దాకా తిప్పింది. తెర మీద ఏ తప్పు చూపిస్తే ఏం చేయాలో నేను వరసగా రాసిన చోటు అది. కమాండ్ దొరకలేదు అన్న దగ్గర వేలు పెట్టింది. ఆ పేజీ అంచు నలిగి, మాసి ఉంది.

"ఆ దినం నేను మొదటి పేజీ సూడలె మేడం. దొరకలేదు అని రాంగనె గీ పేజీ తీసిన. గిదే ఐదారు సార్లు సదివిన. అక్షరాలు సరిగ కొట్టుండ్రి అని రాసిండ్రు, గంతే. పాత పేరు ఉంటదని తెల్వనోళ్లు పాత పేరు ఎక్కడని వెతుకుతరు? గీడ రాయాలె."

ఆరేళ్లుగా ఆ పుస్తకం రాస్తున్నాను. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పెన్ను కోసం నా సంచిలో చెయ్యి పెట్టాను. ఆమె అప్పటికే కిటికీ గూట్లోంచి పెన్ను తీసుకుంది. నాకు ఇవ్వలేదు. ఆ పేజీ అంచున తనే రాసింది. "మీ కంప్యూటర్ల పాతది ఉండచ్చు. ఈ మూడక్షరాలు కొట్టి సూడుండ్రి." కింద ఆ మూడక్షరాలు రాసి, చుట్టూ గీత గీసింది. ఆ పేరును ఆమె ఎప్పుడూ వాడలేదు. పరీక్ష అయ్యాక, పక్క సీటామె పాత పుస్తకంలో చూసిన అక్షరాలవి.

ఆ కాపీ నాకిమ్మని అడిగాను. ఇచ్చింది. తన దగ్గర ఇంకోటి లేదు, అయినా ఇచ్చింది.

మరునాడు కాలేజీ అయ్యాక కోరుట్లలో బస్సు దిగి నేరుగా భాయ్ దుకాణానికి పోయాను. ఇక నుంచి ఇదే మాస్టర్ కాపీ అన్నాను. ఆయన పేజీలు తిప్పి, చివర్లో ఆగాడు.

"గీ చేతిరాత ఎవల్ది మేడం? తెల్ల కాగితం అతికేసి టైపు జేద్దామా? నీటుగ ఉంటది."

"అద్దు. ఉన్నది ఉన్నట్టు తియ్యి భాయ్."

ఆయన నన్నొకసారి చూసి, పై అరలో కాగితం కట్టల వెనక నుంచి పాత మాస్టర్ కాపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఏమీ అనలేదు. అంటే కోపం వచ్చేదేమో. అనలేదు కాబట్టి థాంక్స్ చెప్పాను, బహుశా ఆయనకు నేను చెప్పిన మొదటి థాంక్స్ అది.

అట్ట మీద నా పేరు చూశాక ఒక ఆలోచన వచ్చింది. అక్కడే నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. పుస్తకం మీద నా పేరు పక్కన నీ పేరు కూడా వేయిస్తాను, ఎట్లా రాయమంటావు అని అడిగాను. చాలా పెద్ద మాట అంటున్నానని అనుకున్నాను. భాయ్ కూడా యంత్రం ఆపి వింటున్నాడు.

"నాకు పేరెందుకు మేడం?" అంది. "నేను పని అడిగిన. సెంటరోళ్లు మల్ల పిలిస్తె చెప్పుండ్రి."

వెనక కండెల యంత్రం తిరుగుతూనే ఉంది. చెబుతానన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. భాయ్ ఎన్ని కాపీలు తియ్యాలని అడిగితే, ముందు శిక్షణ కేంద్రానికి పన్నెండు తియ్యమన్నాను.